పలక మీద ఆకాశాన్ని కొలిచిన అల్‌బిరూనీ

జేబు అనే మాట తెలియని తెలుగు ఇల్లు ఉండదు. అరబీలో జైబ్ అంటే దుస్తులకు మెడ దగ్గర ఉండే మడత. ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి అది మన చొక్కాకు జేబు అయింది. పదో తరగతి లెక్కల పుస్తకంలో త్రికోణమితి పాఠం రాగానే మన పిల్లల్ని బెదరగొట్టే సైన్ కూడా ఈ జేబే. ఈ సంగతి చెబితే పిల్లలు నవ్వుతారు. నవ్వితే సగం భయం పోతుంది.

జరిగింది ఇది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు వృత్తంలోని చాపాన్ని విల్లుగా, దాని కొనలను కలిపే గీతను వింటినారిగా భావించి, ఆ నారిలో సగం పొడవు ఏ కోణానికి ఎంత అవుతుందో పట్టిక ఇచ్చాడు. నారిని సంస్కృతంలో జ్య అంటారు, జీవ అని కూడా అంటారు. 8వ శతాబ్దంలో బగ్దాద్ పండితులు సంస్కృత ఖగోళ గ్రంథాలను అరబీలోకి తెచ్చుకున్నప్పుడు ఆ మాటను జీబ అని రాసుకున్నారు. అరబీలో అచ్చుల గుర్తులు మామూలుగా రాయరు కదా! జీమ్, యా, బా అనే మూడక్షరాలను తరువాతివారు జైబ్ అని చదివారు. 12వ శతాబ్దంలో ఐరోపా అనువాదకులు జైబ్ అంటే మడత అని అర్థం చూసుకుని, లాటిన్‌లో మడతకు ఉన్న సైనస్ అనే మాట వేశారు. అదే సైన్.

ఈ లెక్కను ప్రాణంగా చేసుకుని, రాజ్యాలు కూలిపోతున్నా, తాను బందీగా పోతున్నా విడిచిపెట్టని ఒక మనిషి జీవితాన్ని ఈ వారం మా పాఠకుల ముందు ఉంచుతున్నాం. ఆయన అబూ రైహాన్ ముహమ్మద్ ఇబ్నె అహ్మద్ అల్‌బిరూనీ.

హిజ్రీ 362 జుల్‌హజ్ మాసంలో, అంటే క్రీ.శ. 973 సెప్టెంబరులో, ఖ్వారజ్మ్ రాజ్యంలోని కాథ్ నగరం దగ్గర ఆయన జన్మించారు. ఆ ప్రాంతం ఇప్పుడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. అక్కడి ఊరికి నేడు ఆయన పేరే పెట్టారు. ఫారసీలో బేరూన్ అంటే బయట. నగరం బయటి పేటలో పుట్టినవాడు గనుక బిరూనీ అయ్యారని చెబుతారు. పెద్ద కుటుంబం కాదు. పేరుకు వెనుక చెప్పుకునే వంశమూ లేదు. కానీ అదృష్టం కొద్దీ గురువు దొరికారు. ఆయన అబూ నస్ర్ మన్సూర్ ఇబ్నె ఇరాఖ్. రాజకుటుంబంలో పుట్టి కూడా గణితాన్ని వృత్తిగా తీసుకున్న విద్వాంసుడు. గోళం మీది త్రిభుజాలకు సైన్ సూత్రాన్ని నిరూపించిన కొద్దిమందిలో ఒకరు. పేటలోని పేద కుర్రవాడికి ఒక రాకుమారుడు చదువు చెప్పటం ఆ రోజుల్లో చిన్న విషయమేమీ కాదు.

బిరూనీ ఆ గురువు దగ్గర నేర్చుకున్న విద్యకు పునాది లంబకోణ త్రిభుజం. దాన్ని ఇక్కడ కాస్త విడమరచి చెప్పుకోవాలి, లేకపోతే ఆయన చేసిన పని అర్థం కాదు. గోడకు 5 మీటర్ల నిచ్చెన వేశామనుకుందాం. నిచ్చెన అడుగు గోడకు 3 మీటర్ల దూరంలో ఉంటే, కొస 4 మీటర్ల ఎత్తులో ఆనుతుంది. నిచ్చెన కర్ణం. నేల దగ్గరి కోణం నుంచి చూస్తే గోడ ఎదుటి భుజం. ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే సైన్, కాబట్టి ఆ కోణానికి సైన్ 4ని 5తో భాగించగా వచ్చే 0.8. ఇప్పుడు పైకెక్కి, నిచ్చెనకూ గోడకూ మధ్య ఉన్న కోణం దగ్గర నుంచి చూడండి. అదే గోడ ఇప్పుడు పక్కనున్న భుజం, అంటే ఆసన్న భుజం. ఆసన్న భుజాన్ని కర్ణంతో భాగిస్తే కొసైన్. అది కూడా 0.8. గోడ మారలేదు, నిచ్చెన మారలేదు, మనం నిలబడిన మూల మాత్రం మారింది.

కింది కోణం, పై కోణం కలిపితే ఎప్పుడూ 90 డిగ్రీలే. కాబట్టి ఒకదాని సైన్ రెండోదాని కొసైన్. అరబీ గణితవేత్తలు కొసైన్‌కు వేరే పేరు వెతకలేదు. జైబుత్ తమామ్ అన్నారు. తొంభైని తమామ్ చేయటానికి, అంటే పూర్తి చేయటానికి, మిగిలిన కోణపు జైబ్ అని దాని భావం. సంస్కృతంలోనూ అంతే, కోటిజ్య అన్నారు. రెండింటిలో ఒకటి తెలిస్తే రెండోది దానంతట అదే దొరుకుతుంది. ఎందుకంటే రెండింటి వర్గాలనూ కలిపితే 1 వస్తుంది. మన నిచ్చెనలో 0.8 వర్గం 0.64, 0.6 వర్గం 0.36. కలిపి చూసుకోవచ్చు.

ఈ జంట కోణాల మర్మాన్ని బిరూనీ 17 ఏళ్ల వయసుకే ఆకాశానికి అన్వయించారు. గుర్తులు గీసిన ఒక వలయంతో మధ్యాహ్న సూర్యుడి ఎత్తును కొలిచి, కాథ్ నగరం భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉందో తేల్చారు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజున సూర్యుడి ఎత్తుకు, ఆ ఊరి అక్షాంశానికి ఉన్న సంబంధం నిచ్చెన పై కోణానికి, కింది కోణానికి ఉన్న సంబంధమే. రెండూ కలిసి 90. మార్కాపురానికి మేము ఈ లెక్క వేసి చూశాం. ఊరి అక్షాంశం సుమారు 15 డిగ్రీల 44 నిమిషాలు. కాబట్టి మార్చి 21 ప్రాంతంలో అక్కడ మధ్యాహ్న సూర్యుడు 74 డిగ్రీల పైచిలుకు ఎత్తులో ఉంటాడు. ఆ ఎత్తు సైన్ 0.96. ఊరి అక్షాంశం కొసైన్ కూడా 0.96.

క్రీ.శ. 995లో ఆయన జీవితం తలకిందులైంది. ఖ్వారజ్మ్‌లో అంతర్యుద్ధం వచ్చి గురువు గారి రాజవంశం కూలిపోయింది. 22 ఏళ్ల బిరూనీ ప్రాణాలు దక్కించుకుని దేశం విడిచి పారిపోవలసి వచ్చింది. కానీ రెండేళ్లకే మళ్లీ కాథ్‌లో కనిపిస్తారు. 997 మే 24 రాత్రి చంద్రగ్రహణం. దాన్ని ఆయన కాథ్‌లో చూశారు. ముందే చేసుకున్న ఏర్పాటు ప్రకారం, వయసులో తనకంటే చాలా పెద్దవారూ త్రికోణమితిలో మహా పండితులూ అయిన అబుల్ వఫా అదే గ్రహణాన్ని బగ్దాద్‌లో చూశారు. చంద్రుడి మీద నీడ పడేది అందరికీ ఒకే క్షణంలో. తేడా వచ్చేది స్థానిక గడియారంలోనే. ఆ తేడాను బట్టి రెండు నగరాల మధ్య రేఖాంశ దూరం తెలుస్తుంది. నేటి పటంలో ఆ దూరం 16 డిగ్రీల పైచిలుకు, అంటే గంటకు కాస్త ఎక్కువ. తంతి లేదు, టెలిఫోను లేదు. ఇద్దరు విద్వాంసులు రెండు దేశాల్లో ఒకే చంద్రుడిని చూస్తూ కూర్చున్నారు. ఆ రాత్రిని తలుచుకుంటే మాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

తరువాత కొన్నేళ్లు గుర్గాన్‌లో ఖాబూస్ అనే రాజు కొలువులో గడిపారు. వివిధ జాతుల పంచాంగాల గురించిన ఆసారుల్ బాఖియా అనే గ్రంథాన్ని క్రీ.శ. 1000 ప్రాంతంలో ఆయనకే అంకితమిచ్చారు. ఆ తరువాత స్వదేశంలో కొత్త రాజుల కొలువు. 1017లో గజ్నీ సుల్తాన్ మహమూద్ ఖ్వారజ్మ్‌ను జయించి, అక్కడి విద్వాంసులను కూడా దోపిడీ సొత్తులాగే గజ్నీకి తరలించుకుపోయాడు. వారిలో బిరూనీ ఉన్నారు, గురువు అబూ నస్ర్ కూడా ఉన్నారు.

మరుసటి ఏడు, 1018 అక్టోబరులో, ఆయన కాబూల్ దగ్గర ఒక పల్లెలో ఉన్నారు. పరిస్థితి దీనంగా ఉంది. చేతిలో ఒక్క పరికరం లేదు. కానీ ఆ పల్లె అక్షాంశం తెలుసుకోవాలి. లెక్కలు చేసుకోవటానికి ధూళి పరిచే పలక ఒకటి ఉంది, దాన్నే తఖ్త్ అనేవారు. మన ఇళ్లలో పిల్లల పలకను తఖ్తీ అంటామే, ఆ మాటే. ఆ పలకను తిప్పి, వెనుక వైపు ఒక చాపం గీసి, దానికి డిగ్రీల గుర్తులు పెట్టి, పైనుంచి ఒక దారానికి బరువు కట్టి వేలాడదీశారు. అంతే, కోణమానిని తయారైంది. దానితో సూర్యుడి ఎత్తు కొలిచి పల్లె అక్షాంశం కట్టేశారు.

మార్కాపురం పలకలు ఒకప్పుడు దేశమంతటా బడి పిల్లల చేతుల్లో ఉండేవి. ఆ రాతిపలకల గనుల మధ్య పెరిగిన మన పిల్లలకు ఈ ఉదంతం ఇంకెవరికన్నా బాగా అర్థమవుతుందని మా నమ్మకం. పలక, సుద్దముక్క, దారం, చిన్న రాయి. ఈ నాలుగూ లేని ఇల్లు గిద్దలూరు, కంభం, మార్కాపురం పరిసరాల్లో ఉంటుందా? బిరూనీ చేసిన ప్రయోగం ఈ సాయంత్రమే ఇంటి ముంగిట్లో చేయవచ్చు. సూర్యుడి వైపు నేరుగా చూడవద్దు, పలక మీద పడే నీడతోనే కొలవాలి. పెద్దలు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

నీడ మాట వచ్చింది గనుక మరో గ్రంథం సంగతి. నీడల గురించే ఆయన ఒక పెద్ద పుస్తకం రాశారు. నమాజు వేళలకూ నీడకూ ఉన్న సంబంధం మనకు తెలిసిందే. జవాల్ వేళ నీడ ఎంత ఉంటుందో చూసి, దానికి వస్తువు పొడవును కలిపితే షాఫయీ మజ్హబ్ ప్రకారం అసర్ వేళ మొదలు. పొడవుకు రెండింతలు కలిపితే హనఫీ మజ్హబ్ ప్రకారం. మార్కాపురంలో మార్చి 21 ప్రాంతంలో మీటరు కర్రకు జవాల్ నీడ సుమారు 28 సెంటీమీటర్లు. కాబట్టి హనఫీల అసర్ నాటికి నీడ 228 సెంటీమీటర్లు కావాలి. మే మొదటి వారంలో ఒక రోజు, మళ్లీ ఆగస్టు 10 ప్రాంతంలో ఒక రోజు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, జవాల్ వేళ ఆ కర్రకు నీడే ఉండదు. ఆ రెండు రోజుల మధ్యకాలంలో మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు పడుతుంది. గమనించినవారు ఎంతమందో!

ఈ నీడల పుస్తకంలోనే ఆయన ఒక ముచ్చట చెబుతారు. నమాజు వేళలు తెలుసుకునే పరికరం మీద రూమీల నెలల పేర్లు చెక్కి ఉన్నాయని ఒక ముఅజ్జిన్ దాన్ని ముట్టుకోనన్నాడట. అన్యుల పద్ధతి మనకెందుకని ఆయన అభ్యంతరం. రూమీలు అన్నం కూడా తింటారు, బజారులో కూడా నడుస్తారు, మరి ఆ రెండింటిలోనూ వాళ్లను అనుసరించటం మానెయ్యమని బిరూనీ ఆయనకు బదులు చెప్పారు. లెక్కల చదువు మన పిల్లలకు ఎందుకనే పెద్దలు ఈనాటికీ అక్కడక్కడ కనిపిస్తూనే ఉన్నారు. వెయ్యేళ్ల కిందటే ఈ జవాబు వారికోసం సిద్ధంగా ఉంది.

గజ్నీలో ఉండగా ఆయన తలపెట్టిన అసలు పని ఖిబ్లా. గజ్నీ నుంచి మక్కా ఏ దిక్కున ఉంది? దీనికి జవాబు కావాలంటే రెండు ఊళ్ల అక్షాంశాలు, వాటి మధ్య రేఖాంశ భేదం, ఆపైన సైన్, కొసైన్ లెక్కలు కావాలి. ఆ ఒక్క ప్రశ్న కోసం ఆయన రాసిన గ్రంథం తహ్దీద్. 1025లో పూర్తయింది. మన వైపు సంగతి చూద్దాం. ఖిబ్లా అంటే పడమర అనే మాట వాడుకలో పడిపోయింది. మార్కాపురం నుంచి లెక్క కడితే మక్కా నేరుగా పడమర కాదు, పడమర నుంచి సుమారు 15 డిగ్రీలు ఉత్తరానికి వాలి ఉంది. మక్కా మనకన్నా ఉత్తరాన ఉందనీ, భూమి గుండ్రంగా ఉందనీ గుర్తుంచుకుంటే ఇందులో ఆశ్చర్యం లేదు. దీన్ని పట్టుకుని పాత మస్జిదుల మీద వాదాలకు దిగమని మేము చెప్పటం లేదు. అది ఉలమాలు చెప్పవలసిన విషయం. లెక్క మాత్రం ఇది.

తహ్దీద్‌లోనే ఆయన జీవితంలోకెల్లా ప్రసిద్ధమైన కొలత ఉంది. భూమి ఎంత పెద్దది? అంతకు 200 ఏళ్ల ముందు ఖలీఫా మామూన్ ఈ పనికి పండితుల బృందాన్ని ఎడారికి పంపాడు. ధ్రువ నక్షత్రం ఎత్తు ఒక డిగ్రీ మారేవరకు వాళ్లు నేల కొలుస్తూ నడిచారు. బిరూనీకి అంత బలగం ఎక్కడిది? పంజాబ్‌లో నందన కోట దగ్గర, ఇప్పటి పాకిస్తాన్‌లో, విశాలమైన మైదానానికి ఆనుకుని ఒక కొండ కనిపించింది. ఆయనకు అది చాలు.

ముందుగా త్రిభుజాల లెక్కతో కొండ ఎత్తు కట్టారు. 652 మూరలు వచ్చింది. తరువాత కొండ ఎక్కి, నేలా నింగీ కలిసే గీత తన కంటి మట్టానికి ఎంత కిందుగా కనిపిస్తుందో చూశారు. ఆ నిమ్నకోణం 34 నిమిషాలు, అంటే ఒక డిగ్రీలో సగం కంటే కొంచెం ఎక్కువ. ఇప్పుడు కొండ కొన నుంచి భూకేంద్రానికి ఒక గీత, కేంద్రం నుంచి ఆ దిగంతానికి ఒక గీత, దిగంతం నుంచి కొండ కొనకు ఒక గీత గీయండి. దిగంతం దగ్గర లంబకోణం వస్తుంది. కొండ కొన దగ్గరి కోణానికి జంట కోణం కేంద్రం దగ్గర ఉంటుంది. ఆయన కొలిచిన నిమ్నకోణం కూడా ఆ కొన కోణానికి జంటే. ఒకే కోణానికి జంటలైన రెండూ సమానం కాక తప్పదు. అంటే ఎవరూ చూడలేని భూకేంద్రం దగ్గరి కోణాన్ని కొండ మీద నిలబడి చూసేశారన్నమాట! ఆ కోణపు కొసైన్, భూవ్యాసార్ధాన్ని వ్యాసార్ధం, కొండ ఎత్తుల మొత్తంతో భాగిస్తే వచ్చేది. ఎత్తు తెలుసు, కొసైన్ పట్టికలో దొరుకుతుంది, మిగిలింది వ్యాసార్ధం ఒక్కటే. అది కొండ ఎత్తుకు 20 వేల రెట్లు అని సుమారుగా తేలుతుంది. డిగ్రీకి 56 అరబీ మైళ్ల ప్రాంతంలో వచ్చింది. మామూన్ బృందం చెప్పిన 56 మైళ్ల పైచిలుకుకు అది దగ్గరే.

ఆయన లెక్క నేటి కొలతకు కొద్ది కిలోమీటర్ల తేడాతో సరిపోయిందని కొందరు గొప్పగా రాస్తుంటారు. మేము అంత దూరం వెళ్లము. ఆయన వాడిన మూర ఎంత పొడవో ఖచ్చితంగా తేల్చకుండా కిలోమీటర్లలో చెప్పటం సరికాదు. పైగా గాలి పొరల్లో వెలుగు వంగుతుంది గనుక దిగంతం ఉన్నచోటు కంటే కాస్త పైన కనిపిస్తుంది. ఆ 34 నిమిషాల్లో ఒక్క నిమిషం తేడా వచ్చినా జవాబు వందకు ఆరు వంతులు మారిపోతుంది. ఉపాయం అద్భుతం, కొలత సున్నితం. రెండూ నిజమే. ఈ పని మన గిద్దలూరు దగ్గర నల్లమల ఎక్కి చేయాలని ఏ కుర్రవాడికైనా సరదా పుడితే అది కుదరదని ముందే చెప్పాలి. తూర్పున వెలికొండలు అడ్డం వస్తాయి. సముద్రమో, సమతలమైన మైదానమో ఎదురుగా ఉండాలి.

పంజాబ్‌కు రాకపోకల కాలంలోనే ఆయన సంస్కృతం నేర్చుకున్నారు. పండితుల పక్కన కూర్చుని వాళ్ల గణితం, ఖగోళం, ఆచారాలు తెలుసుకున్నారు. 1030లో పూర్తయిన ఆయన హింద్ గ్రంథం ప్రపంచ ప్రసిద్ధం. దక్షిణానికి ఆయన రాలేదు. అయినా ఈ దేశంలోని లిపులను వరుసగా చెబుతూ ఆంధ్రదేశంలో వాడే ఆంధ్రి లిపిని కూడా పేర్కొన్నారు. తనను పోషిస్తున్న మహమూద్ దండయాత్రల వల్లే ఈ దేశపు సంపద నాశనమైందనీ, పండితులు తమ విద్యలతో దూర ప్రాంతాలకు తరలిపోయారనీ ఆ పుస్తకంలోనే రాసిపెట్టారు. సుల్తాన్ కొడుకు కొలువులో ఉంటూ ఈ మాట రాయటానికి గుండె కావాలి.

ఆ కొడుకు మసూద్ పేరు మీదే ఖానూనె మసూదీ అనే బృహద్గ్రంథం వచ్చింది. 11 భాగాలు. మూడో భాగమంతా త్రికోణమితి, సైన్ పట్టికలు. దానికి బహుమానంగా సుల్తాన్ ఏనుగు మోసేంత వెండి పంపితే, తనకు అవసరం లేదని తిరిగి పంపేశారని చరిత్రకారులు చెబుతారు. 63 ఏళ్ల వయసులో తాను రాసినవాటి పట్టిక తయారు చేసుకుంటే వందకు పైగా తేలాయి. మనకు దక్కినవి వాటిలో కొద్ది భాగమే.

1050 ప్రాంతంలో ఆయన వఫాత్ అయ్యారు. 1048 అని రాసే పుస్తకాలూ ఉన్నాయి. ఆఖరి గడియల గురించి యాఖూత్ ఒక సంగతి నమోదు చేశారు. చూడటానికి ఒక ఫఖీహ్ వచ్చారు. ఊపిరి అందని స్థితిలో బిరూనీ, వారసత్వ పంపకంలో అమ్మమ్మల వాటా గురించి గతంలో ఆ ఫఖీహ్ చెప్పిన మసలాను మళ్లీ అడిగారు. ఈ స్థితిలోనా అని ఫఖీహ్ జాలిపడ్డారు. తెలియకుండా పోవటం కంటే తెలుసుకుని పోవటం మేలు కాదా అన్నారట బిరూనీ. ఆయన వివరించారు, ఈయన విని అప్పగించారు. ఫఖీహ్ గడప దాటి దారిలో ఉండగానే ఇంట్లో ఏడుపులు వినిపించాయి.

పుస్తకాలు మిగిలాయి. తహ్దీద్‌కు ఇస్తాంబుల్‌లో ఒకే ఒక్క రాతప్రతి ఉంది. ఖానూనె మసూదీ అరబీ మూలాన్ని 1954 నుంచి 1956 వరకు మూడు సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. హింద్ గ్రంథాన్ని కూడా 1958లో అక్కడే వేశారు. అంతకు ముందే, 1948లో, నీడల పుస్తకంతో సహా బిరూనీ గణిత రచనలను ఒక సంపుటంగా తెచ్చారు. ఆ ఏడు హైదరాబాదుకు ఎలాంటి ఏడో మా పాఠకులకు చెప్పనక్కర్లేదు. అదే ఏడు అదే ముద్రణాలయం నుంచి మరో సంపుటం వచ్చింది. అది గురువు అబూ నస్ర్ తన శిష్యుడు బిరూనీకి రాసి పంపిన గణిత లేఖల సంపుటం.